పొలం గట్టు, పోలీసు ఠాణా

మన జంషెడ్‌పూర్‌లో పొద్దున్నే గుమ్మంలో పడే హిందీ దినపత్రిక జిల్లా పేజీ తిరగేస్తే పోట్కా నుంచో, పటమ్దా నుంచో, ఘాట్‌శిలా అవతలి ఊళ్ల నుంచో వచ్చిన చిన్న వార్త ఒకటి తరచూ కంటబడుతుంది. అన్నదమ్ముల పిల్లల మధ్య గొడవ, గొడ్డలి వేటు, ఒకరి చావు, ఒకరి అరెస్టు. కారణం చెప్పడానికి విలేకరికి రెండు మాటలు చాలు: జమీన్ వివాద్. ఆ భూమి ఎవరిది, ఎప్పుడు చేతులు మారింది, హక్కుల రికార్డైన ఖతియాన్‌లో ఎవరి పేరుంది, మధ్యలో ఎవరి పేరు చేరింది అన్న ప్రశ్నలు వార్తలోకి రావు. చాలాసార్లు కేసులోకీ రావు. కొట్టినవాడు జైలుకు వెళ్తాడు, భూమి తగవు ఊళ్లోనే ఉండిపోతుంది. కొన్నేళ్లకు అదే గట్టు మీద మరో తల పగులుతుంది.

మన ప్రాంతంలో భూమికీ ఠాణాకూ ఉన్న ముడి చట్టంలోనే రాసి ఉంది. 1908 నవంబరు 11న అమల్లోకి వచ్చిన ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టాన్ని ఇక్కడ అందరూ సీఎన్‌టీ అంటారు. దాని 46వ సెక్షన్ ప్రకారం ఆదివాసీ రైతు డిప్యూటీ కమిషనర్ అనుమతి తీసుకుని మరో ఆదివాసీకి మాత్రమే భూమి అమ్మగలడు. కొనేవాడు అదే పోలీసు స్టేషన్ పరిధిలో ఉండేవాడై ఉండాలి. ఊరి భూమి ఊరివాళ్ల దగ్గరే ఉండాలన్న కోరికకు చట్టం గీసిన గీత ఠాణా సరిహద్దు.

ఆ చట్టం ఊరికే రాలేదు. 1900 జనవరి మొదటి వారంలో బిర్సా ముండా అనుచరులు ఖూంటీ పోలీసు స్టేషన్ మీద విల్లంబులతో విరుచుకుపడ్డారు. రెండు రోజులకే, జనవరి 9న, డోంబారీ గుట్ట మీద గుమిగూడిన ముండాలపై సర్కారు తుపాకులు పేలాయి. జూన్ 9న రాంచీ జైల్లో బిర్సా కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాతే రాంచీ ప్రాంతంలో సర్వే గొలుసులు పొలాల్లోకి దిగాయి, హక్కుల రికార్డు తయారైంది, సీఎన్‌టీ చట్టం వచ్చింది. పూర్వీకులు అడవి కొట్టి సాగు చేసుకున్న నేల మీద వారి వారసులకు హక్కుందని సర్కారు కాగితం మీద ఒప్పుకున్నది నెత్తురు పారాకే. కాగితం ముందు వచ్చి ఉంటే తుపాకీ అవసరం ఎంత ఉండేదన్నది నేటికీ ఆలోచించదగిన ప్రశ్న.

ఈ ప్రశ్నను మరోవైపు నుంచి చూపించే దేశం ఐర్లండ్. అదీ అప్పుడు బ్రిటిష్ ఏలుబడిలోనే ఉంది. 1903లో వచ్చిన విండమ్ చట్టంతో అక్కడి కౌలు రైతులు సర్కారు రుణంతో తాము దున్నే భూములు కొనుక్కోసాగారు. కానీ మీత్, వెస్ట్‌మీత్, రాస్‌కామన్, గాల్వే వంటి కౌంటీల్లో వేల ఎకరాల పచ్చిక బయళ్లు పెద్ద పశువుల ఆసాముల చేతిలోనే మిగిలాయి. వాటిని 11 నెలల ఒప్పందం మీద తీసుకునేవారు. ఏడాది నిండదు కనుక కౌలు హక్కు పుట్టదు. నాలుగైదు ఎకరాల రాతినేలతో బతుకీడ్చే చిన్న రైతు కంచె ఇవతల నిలబడి ఆ పచ్చికను చూస్తుండేవాడు. 1906 అక్టోబరులో వెస్ట్‌మీత్‌లోని ద డౌన్స్ అనే ఊరి సభలో లారెన్స్ గినెల్ అనే పార్లమెంటు సభ్యుడు ఒక దారి చెప్పాడు: ఆ పశువులను తోలేయండి.

తరువాతి రెండు మూడేళ్లు ఐర్లండ్ పల్లెల్లో జరిగింది అదే. చీకటి పడ్డాక ఊరు ఊరంతా కదిలేది. హేజెల్ చెట్టు కర్రలు చేతబట్టి, కొమ్ముబూరలు ఊదుకుంటూ కంచె తలుపు తీసి మందను బాట మీదికి తోలేవారు. తెల్లారేసరికి పశువులు మైళ్ల దూరంలో ఏ కూడలిలోనో, లేదంటే ఆసామి ఇంటి వాకిట్లోనో ఉండేవి. ఒక్క పశువునూ తమ కొట్టానికి తోలుకుపోయేవారు కాదు. ఈ పచ్చిక మాకు పంచాలని నలుగురికీ తెలియజెప్పడమే వారి ఉద్దేశం. పోలీసులు దాన్ని అక్రమ సమావేశంగా రాసుకునేవారు. మేజిస్ట్రేటు మంచి నడవడికకు పూచీకత్తు అడిగేవాడు, ఇవ్వనన్నవాడు జైలుకు నడిచేవాడు. గినెల్‌కూ 1907 డిసెంబరులో ఆరు నెలల శిక్ష పడింది.

అక్కడి పోలీసు గురించి కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే మన పోలీసుకు అతడు దగ్గరి చుట్టం. రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీలో చాలామంది రైతు బిడ్డలే. పంట సంగతి, పశువు సంగతి, గట్టు తగవు సంగతి పుట్టుకతో తెలిసినవారు. అయినా సొంత కౌంటీలో వారికి పోస్టింగ్ ఉండేది కాదు, భార్య పుట్టింటి కౌంటీలోనూ ఉండేది కాదు. తుపాకీతో బ్యారక్‌లో ఉండాలి. పెళ్లికి పైఅధికారి అనుమతి కావాలి. ఊరిని కనిపెట్టి ఉండడానికి ఊరికి ఏమీ కాని మనిషిని పెట్టడం ఆ ఏర్పాటులోని కిటుకు. ఈ నమూనానే 1840లలో చార్లెస్ నేపియర్ సింధుకు తెచ్చాడు. 1859లో మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసు చట్టం అదే బాటలో నడిచింది. 1861 పోలీసు చట్టంతో అది మిగతా దేశానికీ పాకింది. మన ఆంధ్ర పల్లెల్లో అంతకుముందు కాపలా కాసిన తలారి ఊరి మనిషి, ఊరి ధాన్యం తిన్నవాడు. ఖాకీ వచ్చాక ఊరికి జవాబు చెప్పాల్సిన పని పోయింది, జిల్లా దొరకు చెప్తే చాలు. 1902లో కర్జన్ వేసిన ఫ్రేజర్ కమిషన్ దేశమంతా తిరిగి చూసి, ఈ పోలీసు వ్యవస్థ సమర్థమైనదీ కాదు, జనం నమ్మేదీ కాదు అని తేల్చింది.

ఐర్లండ్ పోలీసులు భూమికి సంబంధించిన నేరాలను వేరే పద్దు కింద లెక్క కట్టేవారు. ఆ పద్దులో ఒకదానికొకటి పొసగని రెండు రకాల పనులు పక్కపక్కన ఉండేవి. ఒకటి పైన చెప్పిన మంద తోలడం. ఊరంతా కలిసి, బూర ఊది మరీ చేసిన పని. రెండోది చాటున చేసిన పని. సంతకం లేని బెదిరింపు ఉత్తరం, గడ్డివామికి నిప్పు, నోరులేని పశువు కాలి నరం కోయడం, కిటికీలోంచి తుపాకీ పేల్చడం. వీటి దెబ్బ తగిలింది ప్రతిసారీ భూస్వామికి కాదు. ఇంకొకరిని ఖాళీ చేయించిన పొలాన్ని తీసుకున్న పక్క రైతు, వాటా అడిగిన తోబుట్టువు, అండలేని వితంతువు కూడా ఆ దెబ్బ తిన్నారు. మొదటి రకంలో బలహీనుడు బలవంతుణ్ని నిలదీశాడు. రెండో రకంలో తనకన్నా బలహీనుణ్ని తరిమాడు. పోలీసు పుస్తకం రెంటినీ ఒకే సిరాతో రాసింది.

ఈ తేడాను మన నేల మీద పెట్టి చూడాలి. మొదటి రకానికి మన రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ ధన్‌బాద్ జిల్లా టుండీ. 1970ల తొలి ఏళ్లలో అక్కడ శిబూ సోరెన్ నాయకత్వంలో ధాన్ కాటో ఆందోళన నడిచింది. ఆయన తండ్రి సోబరన్ సోరెన్‌ను 1957లో వడ్డీ వ్యాపారులైన మహాజనుల మనుషులు చంపారు. వడ్డీ అప్పుల కింద మహాజనుల పాలైన పొలాల్లో వరి పండే వేళకు సంతాల్ ఊళ్లు కదిలేవి. ఆడవాళ్లు కొడవళ్లు పట్టి వరసగా కోసుకుపోతుంటే మగవాళ్లు విల్లంబులతో గట్ల మీద కాపలా నిలబడేవారు. సర్కారు చట్టం లెక్కన అది దొమ్మీ, దోపిడీ. కోసేవారి లెక్కన తాత దున్నిన మడిలో మనవరాలు కోసుకున్న పంట. 2025 ఆగస్టులో సోరెన్ కన్నుమూసినప్పుడు పార్టీలకు అతీతంగా ఝార్ఖండ్ కన్నీరు పెట్టిందంటే, ఆయన అనుభవించిన పదవులకన్నా ఆ కొడవళ్ల జ్ఞాపకమే ఎక్కువ కారణం.

ఈ కథ మనకు కొత్తది కాదు. ఈ ఊరి తెలుగు కుటుంబాల్లో చాలామందికి మూలం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు. కంపెనీ పనికి మన పెద్దలు వదిలి వచ్చిన ఆ జిల్లాల ఏజెన్సీలో సవరలు, జాతాపులు పడ్డ కష్టం టుండీ సంతాలుల కష్టమే. ఉప్పు, గుడ్డల కోసం షావుకారు దగ్గర చేసిన అప్పు వడ్డీతో పెరిగి కొండవాలు పొలాన్ని మింగేది. పొలం పోయిన మనిషి అదే పొలంలో పాలేరు అయ్యేవాడు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు నడిచి వెళ్తున్న గిరిజనులను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్చారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. తర్వాతి మూడేళ్లు ఆ కొండల్లో నెత్తురు ఏరులైంది. గిరిజనేతరులకు ఏజెన్సీ భూమి బదిలీ కాకుండా గట్టి కట్టుబాటు పెట్టిన 1/70 చట్టం 1970లో వచ్చింది. దానికి ఏడాది ముందు, 1969లో, బిహార్ సర్కారు ఒక రెగ్యులేషన్‌తో సీఎన్‌టీ చట్టంలో 71-ఏ సెక్షన్ చేర్చి, మన సింగ్‌భూమ్ లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అన్యాయంగా చేజారిన ఆదివాసీ భూమిని వెనక్కి ఇప్పించే దారి చూపింది. ఐర్లండ్‌లోనూ అంతే. మందలు తోలిన అలజడి తర్వాతే, 1909 భూచట్టంతో, అక్కడి పడమటి జిల్లాల బోర్డుకు పెద్ద భూములను తప్పనిసరిగా కొని పంచే అధికారం వచ్చింది. అప్పటి ఐర్లండ్ వ్యవహారాల మంత్రి బిరెల్ ప్రత్యేక అణచివేత చట్టాన్ని వాడాలన్న ఒత్తిడికి లొంగలేదు. భూమి పంచకుండా లాఠీతో ఈ నేరం పోదని ఆయన గ్రహించాడు.

సింగ్‌భూమ్‌లో ఇంకొక పాఠం ఉంది. 1831–32 కోల్ తిరుగుబాటు తర్వాత కెప్టెన్ విల్కిన్‌సన్ హో ప్రజల కోల్హాన్‌ను ఈస్టిండియా కంపెనీ పాలనలోకి తెచ్చినప్పుడు, ఊరికి ముండా, కొన్ని ఊళ్ల పీడ్‌కు మాన్కీ అన్న వారి పాత ఏర్పాటును చెరిపేయలేదు. శిస్తు వసూలుతో పాటు పోలీసు పనినీ వారికే అప్పగించాడు. దొంగను పట్టేది, తగవు వినేది ఊరి పెద్దే. చాయీబాసా చుట్టుపక్కల నేటికీ మాన్కీ, ముండాలు ఉన్నారు, గట్టు తగవులు వారి ముందుకు వెళ్తూనే ఉన్నాయి. విల్కిన్‌సన్ ఇది కంపెనీ సౌకర్యం కోసమే చేశాడు. అయినా అందులో ఒక నిజం నిలిచింది. ఏ మామిడిచెట్టు దగ్గర ఎవరి మడి మొదలవుతుందో, ఆ మడి ఎవరి తాత కొట్టిన అడవో తెలిసినవాడు తీర్పు చెప్తే, తగవు కత్తి దాకా పోకుండా ఆగే వీలు ఎక్కువ.

అలాగని ఊరు చెప్పిందల్లా న్యాయం కాదు. ఐర్లండ్‌లో కిటికీలోంచి పేలిన తుపాకీకి మన పల్లెల్లో ఉన్న పేరు డాయన్ నెపం. మంత్రగత్తె అని ముద్ర వేసి ఆడమనిషిని కొట్టడం, ఊరేగించడం, చంపడం. ముద్ర పడేది ఎవరి మీదో గమనిస్తే చాలాచోట్ల వెనక ఉన్న పొలం కనిపిస్తుంది. హో ఆచారంలో వితంతువుకు, పెళ్లికాని కూతురికి భూమి అనుభవించే హక్కు బతికున్నంత కాలమే. ఆ తర్వాత అది మగ జ్ఞాతులకు పోతుంది. సింగ్‌భూమ్ హో స్త్రీల తరఫున సుప్రీంకోర్టుకు వెళ్లిన మధు కిష్వర్ కేసులో 1996లో వచ్చిన తీర్పు, ఆ భూమి మీద ఆధారపడి బతికే ఆడవారిని అక్కడి నుంచి వెళ్లగొట్టకూడదని చెప్పింది. కానీ మగ వారసుడు వాటా కోసం ఎదురుచూసే ఏళ్లన్నీ ఆ స్త్రీ ప్రాణానికి గండమే. ఊళ్లో ఒక పిల్లాడు జ్వరంతో పోతాడు, భూతవైద్యుడు ఓఝా ఒక పేరు చెప్తాడు, రాత్రికి రాత్రి మడి ఖాళీ అవుతుంది. మన దేశపు నేర గణాంకాల్లో హత్యకు కారణాలు రాసే పట్టికలో భూతగాదా ఒక గడిలో, మంత్రవిద్య మరో గడిలో ఉంటాయి. ఒకే పొలం నుంచి లేచిన రెండు శవాలు వేర్వేరు గడుల్లో పడతాయి.

ఈ దుర్మార్గం మీద పోరాటంలో మన ఊరి పాత్ర గర్వించదగినది. జంషెడ్‌పూర్‌లోని ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ వాళ్లు ఊరూరా తిరిగి, బాధితుల మాట విని, చట్టం కావాలని పట్టుబట్టారు. 1999లో బిహార్‌లో వచ్చిన డాయన్ నిరోధక చట్టం వెనక ఆ శ్రమ ఉంది. రాష్ట్రం ఏర్పడ్డాక 2001లో ఝార్ఖండ్ దాన్ని స్వీకరించింది. ఖర్‌కాయీ నది అవతల, సరాయ్‌కేలా-ఖర్సావాఁ జిల్లాకు చెందిన ఛుట్నీ మహతో స్వయంగా ఆ ముద్ర పడి, హింసకు గురై, ఊరు విడిచి ప్రాణం దక్కించుకున్న మనిషి. తర్వాత అలాంటి స్త్రీలకు అండగా నిలిచి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఇలాంటి కేసుల్లో పోలీసు ఎంత త్వరగా వస్తే అంత మేలు. ఇక్కడ ఊరి పంచాయతీ పెద్దరికమే నేరస్థుల గుంపులో నిలబడి ఉండవచ్చు. బయటి మనిషి కావాల్సింది సరిగ్గా అప్పుడే.

కనుక పల్లెకు పోలీసు కావాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. ఏ తగవుకు ఎవరు ముందు వెళ్లాలన్నది తెలియాలి. ఊరంతా పట్టపగలు చేరి ఒక పొలంలోకి దిగిందంటే, ముందు అక్కడికి చేరాల్సింది ఖతియాన్ పట్టుకున్న అంచల్ అధికారి. లాఠీ ముందు వెళ్తే, న్యాయం అడిగినవాడు నేరస్థుడై తిరిగొస్తాడు. 1980 సెప్టెంబరు 8న గువాలో అడవి హక్కుల కోసం కదిలిన ఆదివాసీల మీద జరిగిన కాల్పులు ఏమి మిగిల్చాయో సింగ్‌భూమ్ ఏటా ఆ రోజు తలచుకుంటూనే ఉంది. ఒంటరి స్త్రీ తలుపు తట్టి నలుగురు బెదిరించారంటే, ముందు అక్కడికి చేరాల్సింది ఠాణా జీపు. ఆ వెనకే, అదే వారంలో, రెవెన్యూ రికార్డు తెరుచుకోవాలి. ఆమె లేకపోతే ఆ మడి ఎవరికి దక్కుతుందో దర్యాప్తులో మొదటి ప్రశ్నగా ఉండాలి. అంచల్ అధికారి, థానా ప్రభారీ ఒకే బల్ల దగ్గర కూర్చుని భూతగాదాలు వింటే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఆ బల్ల దగ్గర ముండాకు, గ్రామసభకు కూడా ఒక కుర్చీ వేయాలి. ఊరి తగవుల్లో గ్రామసభ మాటకు విలువ ఉండాలని 1996 నాటి పీసా చట్టం కూడా కోరింది.

ఇక నగరంలో ఉండే మన సంగతి. పల్లె భూమి నేరాలు మనవి కావు అనుకుంటే పొరపాటు. మాంగో చివర, గోవిందపూర్ వైపు, గమ్హారియా దారిలో ఊరు పెరుగుతోంది. రిటైరైన డబ్బుతో రెండు కట్ఠాల స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకోవాలన్నది కష్టపడిన ప్రతి కుటుంబం కోరిక, న్యాయమైన కోరిక. కానీ ఆ దారిలో సీఎన్‌టీ భూమిని తెల్లకాగితం ఒప్పందం మీదో, పవర్ ఆఫ్ అటార్నీ మీదో చవకగా ఇప్పిస్తానని దళారి ఎదురవుతాడు. అక్కడ సంతకం చేసే రైతుకు తాను పోగొట్టుకునేది ఏమిటో చాలాసార్లు పూర్తిగా తెలియదు. తెలిసిన రోజున అతడు వెళ్లేది ఠాణాకో, గొడ్డలి దగ్గరికో. 2017లో సీఎన్‌టీ చట్టం సవరణ బిల్లును అప్పటి గవర్నర్ ద్రౌపదీ ముర్ము వెనక్కి పంపినప్పుడు పల్లెలు ఎందుకంత ఊపిరి పీల్చుకున్నాయో ఈ చవక ప్లాట్ల బాట చూస్తే అర్థమవుతుంది.

ఈ నేల మనకు మూడు నాలుగు తరాలుగా అన్నం పెట్టింది. బిష్టుపూర్ రామమందిరంలో మన పండుగలు చేసుకోనిచ్చింది, మన పిల్లలకు చదువూ కొలువూ ఇచ్చింది. బదులుగా మనం చేయగలిగింది పెద్దదేమీ కాదు. స్థలం చూడబోయే ముందు ఖతియాన్ నకలు అడుగుదాం. అందులో ఆదివాసీ రైతు పేరుంటే, ధర ఎంత ఊరించినా, వకీలు ఎంత ధైర్యం చెప్పినా వెనక్కి తిరుగుదాం. మన బంధువులకూ అదే చెబుదాం. భూమి నేరాన్ని పోలీసు జరిగాక పట్టుకోగలడు. జరగక ముందే ఆపగలిగినవాడు కొనేవాడు. ఆ బాధ్యత మనది, దాన్ని సంతోషంగా మోయాలి.